మెట్లెక్కితే వచ్చే చెవుడు

కొత్త ఇంట్లోకి సామాను చేరకముందు ఎవరు మాట్లాడినా ఆ గొంతు వాళ్లది కానట్టే ఉంటుంది. పిల్లలైతే దాంతో ఆడుకుంటారు. 'ఓయ్' అని అరిచి, గోడలు తిరిగి అరిస్తే పకపకా నవ్వుతారు. మంచాలు, బీరువాలు, పరుపులు, బట్టల మూటలు వచ్చిపడ్డాక ఆ మోత ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించరు. సామాను చోటునే కాదు, శబ్దాన్నీ తింటుందన్న సంగతి చాలామందికి తట్టదు. తట్టాల్సిన అవసరమూ రాదు. ఇంట్లో ఒక గదిని కావాలని ఖాళీగా, నున్నగా ఉంచుకుంటే తప్ప.

విజయవాడ శివార్లలో ఓ బ్యాంకు ఉద్యోగి అలాంటి గదే కట్టించుకున్నాడు. మేడ మీద, 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. నేలకు అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. గోడలకు పుట్టీ పట్టించి నున్నటి రంగు. పైన పీవోపీ సీలింగు. వెనక గోడకు పెద్ద అద్దాల కిటికీ. దుమ్ము నిలవకూడదు, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు అన్నట్టుండాలని కోరి చేయించుకున్న గది. అందులో 65 అంగుళాల టీవీ, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలకో సబ్ వూఫర్, ఎదురుగా రెక్సిన్ సోఫా. ఇంటి అప్పు ఇంకా తీరకపోయినా దీనికి మాత్రం వెనకాడలేదు. కారణం తండ్రి. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. హాలుకెళ్లి మూడు గంటలు కూర్చునే ఓపిక పోయి చాన్నాళ్లయింది. హాలునే ఇంటికి తెచ్చేస్తే సరి అనుకున్నాడు కొడుకు.

మొదటి సినిమా ఏది వేయాలన్న చర్చే రాలేదు. 1957 నాటి 'మాయాబజార్'. పింగళి నాగేంద్రరావు రాసిన మాటలన్నీ మాస్టారికి కంఠతా వచ్చు. అరగంట కూర్చుని లేచారాయన.

"శబ్దం బ్రహ్మాండంగా వస్తోందిరా. మాటే తెలియడం లేదు."

కొడుకు వాల్యూమ్ పెంచాడు. మోతా పెరిగింది. దుకాణం వాళ్లు మధ్య స్పీకరు పెద్దది వేయమన్నారు. వేశాడు. ఆంప్లిఫయర్ మార్చమన్నారు. మార్చాడు. మాస్టారు ఇంకో రెండు సినిమాలు మొహమాటానికి చూసి, ఆ తర్వాత మోకాళ్ల నొప్పులని చెప్పి పైకి రావడం మానేశారు.

అసలు బాధ అది కాదు. తన చెవులు పూర్తిగా పోయాయని ఆయన నిర్ణయించేసుకున్నారు. భోజనాల దగ్గర మాట తగ్గింది. ఫోన్ వస్తే 'కోడలికివ్వు' అనడం మొదలైంది. సాయంత్రాలు పార్కు బెంచీ దగ్గర పాత స్నేహితులతో సాగే పద్యాల ముచ్చట్లకు వెళ్లడం మానేశారు. నలభై ఏళ్లు పిల్లల ఉచ్చారణ సరిదిద్దిన మనిషి, ఎదుటివాళ్ల మాట అర్థం కాకపోతే మళ్లీ అడగడానికి సిగ్గుపడి ఊరికే తలూపడం నేర్చుకున్నారు.

చెవి డాక్టరు పరీక్ష చేయించాడు. వయసుతో వచ్చే లోపమే, కీచు శబ్దాలు తగ్గాయి, మిగతాది ఫర్వాలేదన్నాడు. రెండు చెవులకూ మిషన్లు పెట్టించారు. కింద కాస్త బాగుంది. పైగదిలో మాత్రం మిషన్ పెట్టుకుంటే ఇంకా గందరగోళం!

మర్మం పట్టింది కోడలు. ఆమెకు భౌతికశాస్త్రం రాదు. ఇంట్లో ఎవరు ఎక్కడ ఎలా ఉంటారో మాత్రం తెలుసు.

"మామయ్యగారికి కింద పడగ్గదిలో నేను మెల్లిగా మాట్లాడినా వినబడుతుందండీ. పైకెక్కితేనే వినబడదు. మెట్లెక్కితే వచ్చే చెవుడు ఎక్కడైనా ఉంటుందా?"

అచ్చులు మిగిలి, హల్లులు మునిగి

ఉండదు. కానీ మెట్లెక్కితే మారిపోయే శబ్దం ఉంటుంది. గదిలో స్పీకరు నుంచి మాట నేరుగా చెవికి చేరడం ఒకటి. అదే మాట గోడకు, నేలకు, సీలింగుకు తగిలి, అక్కడినుంచి మరో గోడకు తగిలి, వందల దారుల్లో ఆలస్యంగా చేరడం మరొకటి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 1130 అడుగులు పోతుంది. అంటే అడుగు దూరానికి సుమారు ఒక మిల్లీసెకను. పక్కగోడ మీదుగా వచ్చే మాట అయిదారు అడుగులు ఎక్కువ తిరిగితే అయిదారు మిల్లీసెకన్లే ఆలస్యం. చెవి దాన్ని విడిగా గుర్తించదు, అసలు మాటలో కలిపేసుకుంటుంది. చిక్కు అక్కడితో ఆగనప్పుడు వస్తుంది. నున్నటి సిమెంటు గోడ తన మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులకు మించి తినదు. మిగతాదంతా వెనక్కి విసురుతుంది. గాజూ, టైల్సూ అంతే. దాంతో ఒక్క మాట గదిలో పదుల సార్లు తిరిగి తిరిగి నెమ్మదిగా చస్తుంది. ఈ మోతనే ఇంజినీర్లు రివర్బరేషన్ అంటారు. శబ్దం ఆగాక, అది పది లక్షల్లో ఒక వంతుకు తగ్గడానికి పట్టే సమయం దీనికి కొలత.

ఇప్పుడు మాస్టారి పాఠంలోకే వద్దాం. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చు నిండుగా, బలంగా, కాస్త పొడుగ్గా పలుకుతుంది. హల్లు క్షణకాలం చిటుక్కుమని పోతుంది. 'స', 'శ', 'త', 'ప' వంటివైతే మరీ బలహీనం, అందులోనూ కీచు పక్కన ఉండేవి. మనిషి మామూలుగా సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాడు. గదిలో మోత రెండు సెకన్లు నిలిస్తే, ముందు పలికిన అచ్చుల తోకలన్నీ వచ్చి ఇప్పటి హల్లు మీద పడతాయి. అచ్చులు మిగులుతాయి, హల్లులు మునుగుతాయి. మాట ఏదో హల్లే చెబుతుంది కనుక, శబ్దం వినబడుతుంది కానీ మాట తెలియదు. మాస్టారు మొదటి రోజే చెప్పింది అక్షరాలా అదే.

కుర్ర చెవులు ఆ బురదలోంచి మాటను ఏరుకోగలవు. వయసు మీద పడ్డ చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ కీచు శబ్దాలనే. కాబట్టి ఏరుకోవడానికి దానికి ఆనవాళ్లు మిగలవు. వాల్యూమ్ పెంచితే మాటతోపాటు మోతా అంతే పెరుగుతుంది. చెవి మిషనూ మాటతోపాటు గది మోతను కలిపే పెంచుతుంది. అందుకే కొడుకు ఖర్చు పెట్టినకొద్దీ ఫలితం తలకిందులైంది.

దిండ్లతో పుట్టిన శాస్త్రం

ఇలాంటి తలనొప్పి వందేళ్ల కిందట హార్వర్డ్ విశ్వవిద్యాలయానికీ వచ్చింది. 1895లో అక్కడ ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాసాల గదిలో ఏం చెప్పినా విద్యార్థులకు ముక్క అర్థమయ్యేది కాదు. ఒక్క మాట అయిదున్నర సెకన్లు గింగురుమనేది. సంగతి చూడమని వాలెస్ సాబిన్ అనే 27 ఏళ్ల అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ కుర్చీల దిండ్లు రాత్రిళ్లు మోసుకొచ్చి గదిలో పరిచేవాడు. ఆర్గన్ గొట్టం ఊది, మోత ఎంతసేపటికి ఆగుతుందో గడియారంతో కొలిచేవాడు. తెల్లారేలోగా దిండ్లు తిరిగి చేర్చేవాడు. ఆ లెక్కల నుంచే 1898లో సూత్రం తేలింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును ఆ సూత్రం ప్రకారమే కట్టారు.

సూత్రం ఇంట్లో వేసుకోగలిగినంత సులువు. గది ఘనపుటడుగులను 0.049తో హెచ్చించి, గదిలో శబ్దాన్ని తినే మొత్తంతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లో వస్తుంది. తినే మొత్తాన్ని సాబిన్ 'తెరిచిన కిటికీ'తో కొలిచాడు. తెరిచిన కిటికీలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా! చదరపు అడుగు కిటికీ ఒక లెక్క.

విజయవాడ ఇంట్లో ఆ లెక్క వేసింది ఇంటర్ చదివే మనవరాలు. గది 2160 ఘనపుటడుగులు. 0.049తో హెచ్చిస్తే సుమారు 106. గోడలు, నేల, సీలింగు కలిపి వెయ్యికి పైగా చదరపు అడుగులున్నా అవన్నీ కలిసి తినేది 31 మాత్రమే. సోఫా, నలుగురు మనుషులు కలిసి ఇంకో 22. మొత్తం 53. అంటే మోత రెండు సెకన్లు. మాట స్పష్టంగా తెలియాలంటే ఇంత గదిలో అది అర సెకను దరిదాపుల్లో ఉండాలి. తినే మొత్తం 53 నుంచి 200కు పెరగాలి. ఎన్ని వాట్ల ఆంప్లిఫయరు కొన్నా ఈ లెక్కలో ఒక్క అంకె కూడా మారదు.

'తెరిచిన కిటికీ' మాట వినగానే మాస్టారికి తాను పుట్టిన మండువా లోగిలి గుర్తొచ్చింది. మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, సందులున్న పెంకుల కప్పు, మట్టి గోడలు, పేడతో అలికిన నేల. మాట ఒకసారి పలికితే ఒకసారే వినబడేది. హరికథలు చెప్పిన తాటాకు పందిళ్లూ అంతే. టూరింగ్ టాకీసుల డేరా గుడ్డలూ, నేల టికెట్టు ఇసకా అంతే. ఆ రోజుల్లో ఎవరూ ధ్వనిశాస్త్రం చదివి కట్టలేదు. దొరికిన మట్టి, ఆకు, గుడ్డ వాడారు. అవి శబ్దాన్ని పీల్చుకునేవో, వదిలేసేవో కావడం మన అదృష్టం. గట్టి గోడ కావాలని కట్టిన చోట ఫలితం వేరు. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సార్ మీద వినబడుతుంది. శత్రువు వచ్చాడని చెప్పడానికి అది వరం. సినిమాలో మాట వినడానికి అదే గుణం శాపం.

కోడిగుడ్ల అట్టలు వద్దు

గదిని బాగుచేద్దామని ఇల్లంతా కూర్చుంటే సలహాలకు కొదవేముంది? గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించమన్నాడు ఒక బంధువు. చాలామంది నమ్మే మాటే ఇది. నిజానికి పలచటి ఆ అట్ట మాటను మోసే శబ్దంలో కొంచెమే తింటుంది. దుమ్మును, బొద్దింకలను మాత్రం బాగా పోగుచేస్తుంది. థర్మోకోల్ అంతకన్నా దండగ. దాని గదులు మూసుకుని ఉంటాయి కనుక గాలి లోపలికి పోదు. గాలి దూరని వస్తువు శబ్దాన్ని తినలేదు.

పలచటి ఫోమ్ పలకలు గదంతా అతికించమన్నాడు ఇంకొకాయన. అంగుళం మందం ఫోమ్ కీచు శబ్దాలనే తింటుంది, బరువైన శబ్దం జోలికి పోదు. చివరకు మాట బావిలోంచి వచ్చినట్టు తయారవుతుంది. పైగా ప్రమాదం. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ అనే నైట్ క్లబ్బులో గోడలకు అతికించిన ఫోమ్‌కు బాణసంచా నిప్పు అంటుకుని 100 మంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లోని సాంటా మరియా పట్టణంలో కిస్ నైట్ క్లబ్బులో ఇలాగే 242 మంది. వైర్లు, స్పీకర్లు, వేడెక్కే యంత్రాలు ఉన్న మూసిన గదిలో తేలిగ్గా అంటుకునే వస్తువును గోడకు అతికించడం మంచిది కాదు.

ఇంకో అపోహ కూడా తీరాలి. గదిలో మోత తగ్గించడం వేరు, గది శబ్దం పక్కింటికి పోకుండా ఆపడం వేరు. మొదటిదానికి మెత్తటి, గాలి దూరే వస్తువు కావాలి. రెండోదానికి బరువైన గోడ, సందులు లేని తలుపు కావాలి. దుప్పట్లు వేలాడదీసి పక్కింటివాళ్లకు వినబడదనుకుంటే పొరపాటే.

మంగళగిరి గుడ్డ, పాత పరుపు

చివరకు ఆ ఇంట్లో చేసింది ఇదీ. వడ్రంగితో నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ఎనిమిది చెక్క చట్రాలు చేయించారు. వాటిలో రెండంగుళాల మందం గట్టి గ్లాస్‌వూల్ పలకలు పెట్టారు. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రకం. ఇది నిప్పు అంటుకోదు. కోసేటప్పుడు మాత్రం చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, లేకపోతే నూగు దురద పెడుతుంది. పైన మంగళగిరి నేత గుడ్డ బిగించారు. ఏ గుడ్డ పనికొస్తుందో తెలుసుకోవడానికి ఓ చిట్కా ఉంది. నోటికి అడ్డం పెట్టుకుని ఊదాలి. ఊపిరి అవతలికి పోతే శబ్దమూ పోతుంది. రెక్సిన్ అయితే పోదు. చట్రాన్ని గోడకు ఆనించకుండా రెండంగుళాల ఖాళీ వదిలారు. ఆ ఖాళీ వల్ల అదే పలక మరికాస్త బరువైన శబ్దాన్నీ తినగలుగుతుంది.

ఎక్కడ తగిలించాలన్నదానికి లెక్కలు అక్కర్లేదు, అద్దం చాలు. మాస్టారిని సోఫాలో కూర్చోబెట్టి, మనవరాలు చిన్న అద్దాన్ని పక్కగోడ వెంట జరుపుతూ పోయింది. "తాతయ్యా, స్పీకరు కనబడగానే చెప్పు" అంది. కనబడిన చోటల్లా సుద్దముక్కతో గీత. వెలుగు తగిలి తిరిగే చోటే శబ్దమూ తగిలి తిరుగుతుంది. పక్కగోడలకు నాలుగు చట్రాలు, సీలింగుకు రెండు, టీవీ గోడకు రెండు. ఎనిమిదీ కలిసి 60 దాకా తింటాయి. వెనక అద్దాల కిటికీకి, గోడకు కలిపి బరువైన పరదా వేశారు. గోడ వెడల్పుకు రెట్టింపు గుడ్డ తీసుకుని మడతలు పోయేలా కుట్టించారు, చాపలా బిగిస్తే సగం కూడా పనిచేయదు. అది 48. టీవీకీ సోఫాకీ మధ్య పది అడుగులు, ఎనిమిది అడుగుల మందపాటి తివాచీ. అది 24.

మిగిలింది సబ్ వూఫర్ గుబగుబ. బరువైన శబ్దాల అల చాలా పొడుగు. గది పొడవుకు సరిపడే శబ్దం ఏదైనా ఉంటే, గది దాన్ని పట్టుకుని ఊపుతుంది. ఈ గదికి అవి దాదాపు 31, 47, 56 హెర్ట్జ్‌ల దగ్గర వస్తాయి. అందుకే ఒకచోట కూర్చుంటే గుండె అదురుతుంది, రెండడుగులు జరిగితే మాయమవుతుంది. దీనికి పలచటి పలకలు చాలవు. మూలల్లో బాగా మందంగా నింపాలి, ఎందుకంటే ఈ అలల ఒత్తిడి అక్కడే ఎక్కువ. అటకమీద పడి ఉన్న పాత దూది పరుపులను ఎండలో ఆరేసి, చుట్టగా చుట్టి, గుడ్డ తొడిగి వెనక మూలల్లో నిలబెట్టారు. సబ్ వూఫర్‌ను మూలలోంచి లాగి, కాస్త తగ్గించారు. గోడకు ఆనించి ఉన్న సోఫాను మూడడుగులు ముందుకు జరిపారు. ఖర్చు లేని పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

అన్నీ కలిపితే తినే మొత్తం 200 అయింది. లెక్క ప్రకారం మోత సుమారు అర సెకను. మనవరాలు చప్పట్లు కొట్టి ఫోనులో రికార్డు చేసి, పాత రికార్డుతో పోల్చి చూపించింది. మొత్తం ఖర్చు మార్చిన ఆంప్లిఫయరు ధరలో సగం కూడా కాలేదు.

ఇక్కడే ఆగడం కూడా తెలివే. మిగిలిన గోడల్నీ కప్పేస్తే గది మరీ చచ్చుబడి, పాట వింటుంటే దూదిలో కూరుకుపోయినట్టు ఉండేది. కాస్త ప్రాణం మిగలాలి. మాస్టారి పుస్తకాల బీరువా ఒకటి పైకి చేర్చి, ఒక పక్కన తలుపులు తీసి ఉంచారు. హెచ్చుతగ్గులున్న పుస్తకాల వరసలు శబ్దాన్ని ఒకేచోటికి కొట్టకుండా చెదరగొడతాయి.

మాట తెలిశాక

పైకి రమ్మంటే మాస్టారు మొదట రాలేదు. చెవుల్లేనివాడికి హాలెందుకన్నారు. కోడలు టీ కప్పు పైన పెట్టి, 'చల్లారిపోతోంది మామయ్యగారూ' అని పిలిస్తే వెళ్లారు. టీవీ వేయలేదెవరూ. నలుగురూ మామూలుగా మాట్లాడుకున్నారు. కాసేపటికి ఆయనే కలగజేసుకుని, మనవరాలు 'శాస్త్రం'లో 'శ'ను 'స'గా పలికిందని సరిదిద్దారు. ఆ రెండు అక్షరాల తేడా ఆ గదిలో వినబడిందంటే, పెట్టిన ఖర్చుకు అంతకన్నా రసీదు అక్కర్లేదు.

చెవులు బాగుపడలేదు. గది బాగుపడింది. వయసుతో పోయినవి పోయినట్టే ఉన్నాయి, మిషన్లూ ఉన్నాయి. నేపథ్య సంగీతం హోరెత్తే కొత్త సినిమాల్లో ఇప్పటికీ కొన్ని మాటలు జారిపోతాయి. కానీ తలూపి ఊరుకోవడం తగ్గింది. ఏది వినబడలేదో అదే మళ్లీ అడుగుతున్నారు. లోపం అంతా తనది కాదని తెలిసిన మనిషికి అడగడానికి సిగ్గు ఉండదు. పార్కు బెంచీకి వెళ్లడమూ మొదలైంది. ఆరుబయట మోత ఉండదు కదా, నిజానికి అక్కడ ఆయనకు ఎప్పుడూ బాగానే వినబడేది.

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు టైల్స్ రంగు మీద పెట్టే ధ్యాసలో కొంచెం దీనిమీదా పెట్టడం మంచిది. పెద్దవాళ్లున్న ఇల్లయితే మరీను. హోమ్ థియేటరే అక్కర్లేదు, భోజనాల గదిలోనూ ఇదే లెక్క. స్పీకర్లు కొనబోయే ముందు గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చేతులు ఆగాక కూడా గది కొడుతూనే ఉంటే, ముందు పరదాల దుకాణానికి వెళ్లండి.

మాస్టారు ఇప్పుడు ఆదివారం ఆదివారం పైకెక్కుతున్నారు. గుసగుసల సీన్లు వస్తే మనవరాలు ఆపి, పాత్ర ఏమందో చెప్పి, మళ్లీ నడిపిస్తుంది. ఈ మధ్య ఓ కొత్త సినిమా చివరిదాకా చూశారాయన. ఎలా ఉంది నాన్నా అని కొడుకు అడిగాడు.

"మాట స్పష్టంగా తెలుస్తోందిరా" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "కాకపోతే మాటల్లోనే ఏమీ లేదు" అన్నారు.